పాల్ క్లే 'కిచకిచల యంత్రము': ప్రతీకార్థ విచారము

ప్రతీకను గూర్చి విచారించువారికి పాల్ క్లే 1922లో రచించిన 'కిచకిచల యంత్రము' మంచి లక్ష్యము. నీటిరంగుల నీలి, గులాబి ఛాయలు మంచువలె పరచుకొన్న కాగితముపై ఒక వంకర తీగ, దానిపై నాలుగు పక్షులు, తీగ కొసను త్రిప్పుడు పిడి, క్రింద గోయివలెనో తొట్టివలెనో కన్పట్టు చతురస్రాకృతి. ఇంచుమించుగా చిత్రవస్తు వింతియే.

ఇది యంత్రయుగమును పరిహసించుచున్నదని కొందరు, ఇతర పక్షులను గోతిలోనికి లాగు ఉచ్చని మరికొందరు వ్యాఖ్యానించిరి. రెంటికిని చిత్రమున ఆధారము కలదు. అయితే పక్షి యనగా ప్రకృతి, పిడి యనగా విజ్ఞానము అని పట్టిక వ్రాసి ముగించినచో చిత్రము పొడుపుకథయై, విప్పినంతనే నిష్ప్రయోజన మగును. సంకేతము అర్థము నందించి తొలగును. ప్రతీక అటుపిమ్మటను నిలుచును.

మన ఆలంకారికుల పరిభాషలో శీర్షికయే ఇచ్చట వాచ్యము. కూత ప్రాణిధర్మము, త్రిప్పిన కొలది మ్రోగుట యంత్రధర్మము. ఈ రెండును ఒక్క పేరున కూడుటచే ముఖ్యార్థమునకు బాధ కలిగి, దృష్టి వ్యంగ్యమును వెదకును. అప్పుడు పిడి కంటబడును. దానిని పట్టిన చేయి చిత్రమున లేదు. కావున చూపరియే త్రిప్పువాని స్థానమున నిలువవలసివచ్చును. పరిహాసమున తానును భాగస్వామి యని తెలిసినంతనే హాసము వెనుక భయము తోచును. పైని చెప్పిన రెండు వ్యాఖ్యలును ఇచ్చట కలియుచున్నవి. కాని పక్షుల నాలుకలు నాలుగును నాలుగు రూపములు; అవి యంత్రమునకు పూర్తిగా లొంగినవని చెప్పజాలము. క్లే స్వయముగా వయొలిన్ వాదకుడు. నియమమునకు లోబడియే స్వరము పుట్టునను సంగతి ఆయనకు అనుభవసిద్ధము.

బెర్లిన్ జాతీయ చిత్రశాలయందలి ఈ చిత్రమును 1937లో నాజీ ప్రభుత్వము 'పతిత కళ' యని జప్తు చేసెను. 1939లో ఇది న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియమునకు చేరెను. ఈ వృత్తాంతమును బట్టి, రానున్న నిరంకుశత్వమును చిత్రము ముందుగనే సూచించినదనుట యుక్తము గాదు. చిత్రమునకు పట్టిన గతి వేరు, చిత్రమందలి అర్థము వేరు.

ప్రతీకకు అనేకార్థత కలదనుట నిజమే. అయినను ప్రతి యర్థమునకును గీతయందో రంగునందో ఆధారము చూపవలసిన బాధ్యత విమర్శకునిది. కావ్యప్రతీకలను పరిశోధించువారికిని ఈ నియమము పాటింపదగినదని మా అభిప్రాయము.