గోడ మీద నీడ

ఆశ్వయుజం దాటి కార్తీకం వచ్చేసరికి మా కొవ్వూరులో గోదావరి గాలి చల్లబడుతుంది, పొద్దు తొందరగా కుంకుతుంది. దెయ్యం సినిమాకి ఇదే అదను. ఈసారి ‘నోస్ఫెరాటు’ చూడండి. 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన మూకీ. ‘డ్రాకులా’ నవలని అనుమతి లేకుండా వాడుకున్నారని బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని 1925లో తీర్పొచ్చింది. ఎక్కడెక్కడో మిగిలిన ప్రింట్ల పుణ్యమా అని మనదాకా వచ్చింది.

అందులో మరపురాని ఘట్టంలో రక్తపిశాచి ఓర్లోక్ కనిపించడు. అతని నీడ మెట్లెక్కుతుంది. గూని వీపు, కొంకి గోళ్లు. తలుపు దగ్గరికి రాగానే ఆ వేళ్లు సాగుతాయి. ఇందులో యంత్రమేమీ లేదు. దీపం, మనిషి, గోడ, వాటి మధ్య దూరం, అంతే. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఈ విద్య తెలిసిందే. కాకినాడ దగ్గర మాధవపట్నం ఆటగాళ్లకి ఇది కులవిద్య. బొమ్మని తెరకి ఆనిస్తే గీత గీతా తేటగా పడుతుంది. దీపం వైపు జరిపితే నీడ పెరిగి, అంచులు చెదిరిపోతాయి. కాకపోతే మన బొమ్మ పలచగా గీకి రంగులద్దిన తోలు, వెలుగు దాని ఒంట్లోంచి వస్తుంది. మూర్నౌ నీడ కటిక నలుపు.

మన విఠలాచార్య దారి వేరు. ‘జగన్మోహిని’లో (1978) దెయ్యం తన కాళ్లనే కట్టెలుగా పొయ్యిలో పెడుతుంది. ఆయన అంతా చూపించి ఆశ్చర్యపరుస్తారు, మూర్నౌ దాచి భయపెడతాడు. నాకు ఇద్దరూ ఇష్టమే. రాత్రి వీధి తలుపు గడియ వేసేటప్పుడు మాత్రం నాకు గుర్తొచ్చేది ఆ నీడే.

ఒక్కటి చూసుకోండి. ‘నోస్ఫెరాటు’లో రాత్రి దృశ్యాలు చాలావరకు పగలే తీసి, ఫిల్ముకి నీలిరంగు పట్టించారు. ఆ రంగు లేని ప్రింటులో ఓర్లోక్ పట్టపగలు తిరుగుతున్నట్టుంటుంది, భయం చచ్చిపోతుంది. రంగులతో పునరుద్ధరించిన ప్రింటే వెతుక్కోండి. మధ్యలో వచ్చే అక్షరాలు ఒకరు తెలుగులో చదివి చెబితే నాయనమ్మకీ కథ అందుతుంది.

స్టోకర్ డ్రాకులా శక్తి తగ్గినా పగలు తిరగగలడు. ఎండ సోకి చావడం ఈ సినిమాతో వచ్చింది. కోడి కూస్తుంది, కిటికీలో వెలుగు పడుతుంది, ఓర్లోక్ పొగై కరిగిపోతాడు. తొలికోడి కూతకి దెయ్యాలు పారిపోయే కథలు విని పెరిగాం కాబట్టి ఆ ముగింపు మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

అందుకే నా మాటగా, సినిమా తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టండి. గంటన్నరే. అవగానే గోష్పాద రేవుకి నడవండి. మనది పడమటి గట్టు, సూర్యుడు రాజమండ్రి వైపు నుంచి నీళ్ల మీదుగా వస్తాడు. అప్పటికి మెట్ల మీద కార్తీక దీపాలు వెలుగుతుంటాయి. వాటి వెనక స్నానానికి దిగేవాళ్ల నీడలు ఒక్కో మెట్టూ దిగుతూ ఉంటాయి.