వంతు, విడిభాగం: అహోబిలం పార్వేట వెలుగులో కథాక్రీడా నిర్మాణం

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, సందేహం వచ్చినచోట పాచికలు వేసి, నోటిమాటగా కథను నడిపించే ఆటను ఈ వ్యాసంలో 'కథాక్రీడ' అంటున్నాను. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ ప్రక్రియకు అచ్చురూపం ఏర్పడింది. తరువాతి రూపకర్తలలో పలువురిని ఆకర్షించినది విడిభాగాల పద్ధతి. మూలనియమాలు కొద్దిగా ఉంచి, పాత్రలను, స్థలాలను, సంఘర్షణలను ఆడేవారే అమర్చుకొనే వీలు కల్పించడం ఇందులోని కీలకం. జేసన్ మార్నింగ్‌స్టార్ రూపొందించిన 'ఫియాస్కో' (2009) ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అందులో నిర్వాహకుడు లేడు. సంబంధాలు, అవసరాలు, స్థలాలు, వస్తువుల పట్టికలుంటాయి. పట్టిక మారిస్తే ఊరు మారుతుంది, ఆట మారదు.

ఈ పద్ధతిలో తెలుగు కథాక్రీడను నిర్మించదలచినవారికి అహోబిలం చేతికందే సామగ్రి. నవనరసింహ క్షేత్రాలు తొమ్మిది స్థలాలవుతాయి. చెంచులక్ష్మి విల్లు పట్టిన నాయిక అవుతుంది. అలిగిన ఆదిలక్ష్మి సంఘర్షణను సమకూరుస్తుంది. పట్టిక తనంతట తానే నిండుతుంది. ఆ సులభత్వమే నాకు అనుమానం కలిగించింది.

విడిభాగాలు మన ప్రదర్శన సంప్రదాయానికి కొత్తవి కావు. యక్షగానాలలో ఎరుకత వచ్చి సోదె చెప్పే ఘట్టం ఒక కథ నుంచి మరొక కథకు నడిచిపోతూనే ఉంటుంది. ఓబయమంత్రి గరుడాచల యక్షగానం మొదలుకొని చెంచులక్ష్మి కల్యాణకథ కూడా పలు రూపాలలోకి పాకింది. 1943లోను, 1958లోను సినిమా అయింది. అయితే బుర్రకథను చూడండి. కథకుడికి ఇరువైపులా నిలిచే వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ ఏదైనా కావచ్చు, వారి పని మాత్రం మారదు. అక్కడ మారకుండా నిలిచేది పాత్ర కాదు, బాధ్యత. తెలుగులో 'వంతు' అనే మాటకు ఆడవలసిన తరుణమనీ, దక్కవలసిన వాటా అనీ రెండు అర్థాలున్నాయి. కథాక్రీడల నియమగ్రంథాలు మొదటి అర్థాన్ని శ్రద్ధగా పట్టించుకుంటాయి, రెండవదాన్ని తరచు మరచిపోతాయి.

ఈ రెండు అర్థాలూ కలిసి కనిపించే చోటు అహోబిలం పార్వేట. కనుమనాడు జ్వాలానరసింహ, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో దిగువ అహోబిలం నుంచి బయలుదేరి, నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన గ్రామాలలో సంచరించి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల వేళకు తిరిగివస్తారు. తన కల్యాణానికి స్వామి స్వయంగా పిలవవస్తున్నాడని జనవిశ్వాసం. ఊరూరా 'తెలుపు' అనే అరుగుమీద పల్లకి దిగుతుంది. ఆనాటి ఆతిథ్యం, ఆనాటి కథ ఆ ఊరివే. కాని నిన్నటి ఊరిలో జరిగినదాన్ని ఈ ఊరు చెరిపివేయలేదు. పల్లకిని రేపటికి నిలిపివేయనూ లేదు. కర్తృత్వం పూర్తిగా దక్కుతుంది, అయితే ఒక్క మజిలీకే. నిర్వాహకుడు లేని ఆటలో అధికారాన్ని ఎట్లా పంచాలి అని తర్జనభర్జన పడేవారికి ఇంతకంటె సూటియైన నమూనా నాకు కనబడలేదు.

బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణం సంధిస్తారు. కథాక్రీడలో బాణం వేస్తే తగిలిందా లేదా అన్నదే ప్రశ్న. దానికి పాచిక కావాలి. ఇక్కడ ఆ ప్రశ్నే లేదు. స్వామి వారి ఆడపడుచును చేసుకున్నవాడు, వారికి బావ. ఆ బాణం గౌరవమూ, బావమరదుల సరసమూ. అది ఫలితాన్ని తేల్చదు, చుట్టరికాన్ని చాటుతుంది. చెంచులక్ష్మికి 'విలువిద్య: మూడు' అని అంకె వేసిన నియమావళి ఈ ఘట్టాన్ని అసలు చెప్పలేదు.

కనుక నేను ప్రతిపాదించే ప్రాథమిక విభాగం పాత్ర కాదు, వంతు. ఆటగాడు మొదట ఒక ఊరిని, స్వామితో ఒక వరుసను ఎంచుకుంటాడు. పేరు, విల్లు తరువాత. బల్లమీద పల్లకి గుర్తు ఒకటే. అది ఎవరి ముందు దిగితే కథ వారిది. పాచికలు ఊరికీ ఊరికీ నడుమనున్న అడవిదారిలో మాత్రమే. పిల్లనిచ్చినవారు పిలుపును అందుకుంటే తప్ప చివరి కల్యాణం జరగదు. ఈ నిర్మాణానికి పరీక్ష ఒకటే: చెంచుల వంతును తీసివేసి చూడాలి. అప్పటికీ కథ సాఫీగా సాగిపోతే వారు అందులో అలంకారంగా ఉన్నారన్నమాట.

ఇక్కడ నా వాదానికే ఒక చిక్కు ఉంది. వాస్తవ పార్వేటలో ఆ బాణం పల్లకిని ఆపదు. సరసం ముగిశాక బోయీలు నడుస్తారు. వైదిక క్షేత్రం ఆటవికుల దేవుణ్ణి కలుపుకొని, వారికి ఒక ఉదయపు గౌరవాన్ని మిగిల్చిందని చదివేవారికి ఈ దృశ్యమే ఆధారమవుతుంది. ఆ పఠనం పూర్తిగా సరియైనదని నేననుకోను. బావ అనే పిలుపులోని చనువు పైనుంచి ఎవరో ప్రసాదించినట్లుండదు. అయినా పార్వేటను యథాతథంగా నమూనా చేసుకుంటే అందులోని అసమానత కూడా ఆటలోకి వస్తుంది. పిలుపును నిరాకరించే హక్కు నేను చేర్చినది, ఉత్సవంలో ఉన్నది కాదు. నియమగ్రంథం ఆ సంగతిని మొదటి పుటలోనే ఒప్పుకోవాలి.

ఆధారాల సమస్య మరొకటి. చెంచుల జీవితంపై హైమెన్‌డార్ఫ్ గ్రంథం కూడా, మొదటి సినిమా లాగే, 1943లోనే వెలువడింది. ఆయన పరిశీలించినది కృష్ణకు ఉత్తరాన, నాటి హైదరాబాదు సంస్థానపు చెంచులను. సినిమాకు కావలసినది పాటలు పాడే నాయిక. అహోబిలం చెంచులు తమ ఆడపడుచు కథను తమలో తాము ఎట్లా చెప్పుకుంటారన్నది ఈ రెంటిలోనూ దొరకదు. వారు ప్రత్యేకంగా కొలిచే పావన నరసింహ క్షేత్రానికి అందువల్లనే నేను పట్టిక రాయలేదు. మిగిలిన ఎనిమిదింటికి రాశాను. ఆ పుటను వారితో కూర్చుని నింపాలి. అంతవరకు పల్లకి ఆ దారిన వచ్చినప్పుడు ఆటగాళ్లు దానిని దించకుండా సాగిపోతారు.