ఇంట్లో ఉన్న అమ్మ: భీష్మ సాహ్ని ‘చీఫ్ కీ దావత్’ కథ – విమర్శ

1. పరిచయం

భీష్మ సాహ్ని (1915–2003) హిందీ కథకుడు, నవలాకారుడు, నాటకకర్త. రావల్పిండిలో పుట్టారు. దేశవిభజన నేపథ్యంగా రాసిన ‘తమస్’ నవలకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ‘చీఫ్ కీ దావత్’ అంటే పై అధికారికి విందు. వృద్ధురాలైన తల్లిని ఇంట్లో ఉంచుకోవడం, ఆమెను చూసుకోవడం ఒకటేనా? ఈ కథ లేవనెత్తే ప్రశ్న అదే. దాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం చదవండి.

2. కథా సంగ్రహం

శామ్‌నాథ్ ఉద్యోగి. తన ఇంట్లో చీఫ్‌కు విందు ఏర్పాటు చేస్తాడు. పదోన్నతి ఆ విందు మీద ఆధారపడి ఉంది. అతిథులు వచ్చేలోగా తల్లిని ఎక్కడ ఉంచాలన్నది సమస్య అవుతుంది. గదిలో పడుకుంటే గురక వినిపిస్తుంది. చివరికి వరండాలో కుర్చీలో కూర్చోబెడతారు. అక్కడే ఆమెకు కునుకు పడుతుంది. చీఫ్ ఆమెను చూస్తాడు. శామ్‌నాథ్ భయపడినట్లు జరగదు, చీఫ్ ముచ్చటపడతాడు. కొడుకు చెప్పగా ఆమె పాట పాడుతుంది. ఫుల్‌కారీ, అంటే పంజాబీ స్త్రీలు బట్ట మీద రంగు దారాలతో వేసే పూల కుట్టుపని, చీఫ్‌కు నచ్చుతుంది. అమ్మ కొత్తది కుట్టి ఇస్తుందని కొడుకు మాట ఇచ్చేస్తాడు. రాత్రి తల్లి తన గదిలో ఏడుస్తుంది. హరిద్వార్ పంపించమని అడుగుతుంది. కొడుకు ఒప్పుకోడు. పదోన్నతి మాట వినగానే, చూపు ఆనకపోయినా కుట్టడానికి ఆమె సిద్ధపడుతుంది.

3. విశ్లేషణ

3.1 తల్లి స్థానం: మూడు దశలు

ఇంట్లోని పనికిరాని సామాను బీరువాల వెనక, మంచాల కింద దాచేస్తున్న సమయంలోనే తల్లి సంగతి శామ్‌నాథ్‌కు గుర్తొస్తుంది. ఈ క్రమాన్ని గమనించండి. రచయిత ఏ వ్యాఖ్యా చేయలేదు. సామాను పక్కన తల్లి ప్రస్తావన తెచ్చి ఊరుకున్నాడు. మొదటి దశలో ఆమె అడ్డంకి. చీఫ్ మెచ్చుకున్నాక నలుగురికీ చూపించదగిన వస్తువు. కథ చివరికి వచ్చేసరికి పదోన్నతికి పనికొచ్చే సాధనం. కొడుకు గొంతులో కసురు పోయి ముద్దు చేరుతుంది. అయినా, నీకేం కావాలమ్మా అన్న ప్రశ్న మాత్రం ఏ దశలోనూ రాదు.

3.2 శామ్‌నాథ్ దుర్మార్గుడా?

అలా చదివితే కథ తేలికైపోతుంది. అతను తల్లిని వెళ్లగొట్టలేదు. ఆమెకు గది ఉంది, తిండి ఉంది. తన చదువుకోసం ఆమె నగలు అమ్ముకుందన్న మాట వస్తే చిరాకు పడి, ఇచ్చినదానికి రెట్టింపు తీసుకోమంటాడు. తల్లి రుణం అతని లెక్కలో డబ్బు రుణమే. హరిద్వార్ వద్దనడానికి మొదటి కారణం లోకనింద: కన్నతల్లిని దగ్గర పెట్టుకోలేకపోయాడంటారు. అంటే ఆమె ఇంట్లో ఉండటం అతని పరువుకు అవసరం. కొద్ది గంటల ముందు అదే పరువుకోసం ఆమె కనబడకూడదు.

3.3 కోడలి పాత్ర

ఇలాంటి కథల్లో తప్పు కోడలి మీదకు నెట్టడం పాఠకులకు అలవాటు. ఇక్కడ నిర్ణయాలన్నీ కొడుకువే. తల్లిని ఆమె స్నేహితురాలి ఇంటికి పంపుదామని కోడలు అంటుంది. తమ సౌకర్యం కోసమే అన్నా, ఆ రాత్రి ఆమెకు ఒక తోడు దొరికే దారి అదొక్కటే. ఆ స్నేహితురాలి రాకపోకలు మళ్లీ మొదలవుతాయని శామ్‌నాథ్ వద్దంటాడు. తల్లి ఒంటరితనానికి మూలం ఈ చిన్న వాక్యంలో ఉంది.

3.4 ప్రేమ్‌చంద్ కథతో పోలిక

ప్రేమ్‌చంద్ ‘బూఢీ కాకీ’ కథలో వృద్ధురాలు తన ఆస్తిని బుద్ధిరామ్‌కు రాసిచ్చి, అతని ఇంట్లోనే ఆకలితో ఉంటుంది. వేడుకనాటి రాత్రి ఎంగిలి విస్తళ్లలో వెతుక్కుని తింటుంది. అది చూసి బుద్ధిరామ్ భార్య రూపా పశ్చాత్తాపపడి అన్నం పెడుతుంది. సాహ్ని కథలో పశ్చాత్తాపం లేదు. తప్పు జరిగిందన్న స్పృహే కొడుక్కు లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించవచ్చు. కాకీ లాంటివారి కష్టానికి చట్టంలో కొంత జవాబు ఉంది. తిండికి, గదికి లోటు లేని ఈ తల్లి ఏ ట్రిబ్యునల్‌కు ఏమని ఫిర్యాదు చేస్తుంది?

4. కథ పరిమితి

కథ ఒక సాయంత్రంతో మొదలై అర్ధరాత్రికి ముగుస్తుంది. ఆ బిగువు దాని బలం. కానీ వృద్ధుల సేవలో అసలు బరువు రోజువారీ పనిలో ఉంటుంది: మందులు, స్నానం, రాత్రుళ్లు మేలుకోవడం, వేళకు పథ్యం. ఆ పని ఎవరు చేస్తున్నారో కథ చెప్పదు. మీలో కొందరు ఇంట్లో పెద్దవారిని చూసుకుంటూనే ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. మీ అలసటకు ఈ కథలో చోటు లేదనిపిస్తే ఆ అభిప్రాయాన్ని విమర్శగా రాయండి. అది సరైన విమర్శే.

5. సారాంశం

ముగింపులో తల్లి ఒప్పుకోవడాన్ని మాతృత్యాగంగా పొగిడితే కొడుకు పక్షాన నిలబడ్డట్టే. ఆమె అడిగింది హరిద్వార్, ఆమెకు దక్కింది సూది దారం. తల్లిని ఇంట్లో ఉంచుకోవడానికి గది చాలు. చూసుకోవడానికి ఆమె కోరికను వినాలి, అది మనకు ఇబ్బంది కలిగించేదైనా సరే.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) కథలో తల్లి స్థానం మారిన క్రమాన్ని సోదాహరణంగా వివరించండి.
ఆ) ‘చీఫ్ కీ దావత్’, ‘బూఢీ కాకీ’ కథల ముగింపులను పోల్చండి.
ఇ) తల్లికీ కోడలికీ కథలో పేర్లు లేవు. దీన్ని మీరెలా అర్థం చేసుకుంటారు?