కవుల లేడి, బయలు లేడి

గత సంవత్సరము మా సమాజమువారు శాకుంతలము ప్రదర్శించినపుడు ప్రథమాంకమునకు కట్టిన తెరను చూచి మేము కొంత నొచ్చుకొంటిమి. తెరమీద దట్టమైన అడవి. అందు శాఖలుగ చీలిన కొమ్ములతో చుక్కల దుప్పి. నటులు బాగుగనే నటించిరి. కాని దుష్యంతుడు తరిమినది దుప్పిని కాదు. కాళిదాసు దానిని కృష్ణసారమని స్పష్టముగ చెప్పినాడు. మన తెలుగున అది కృష్ణజింక. అందు మగది ఇఱ్ఱి, ఆడది లేడి.

ఈ భేదము స్వల్పమైనది కాదు. దుప్పి చెట్లనీడ నాశ్రయించునది. దాని కొమ్ములు రాలి మరల మొలచును. ఇఱ్ఱి కొమ్ములు చీలవు, రాలవు, మెలితిరిగి పెరుగును. దాని నివాసము పచ్చికబయలు. దూరమునుండియే శత్రువును కనిపెట్టి గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుటయే దానికి రక్షణ. దాని బంధువును, నిజమైన గెజెల్ జాతికి చెందినదియు నగు చింకారా కూడ ఇట్టిదే. అది నీరు దొరకని దినములలో ఆకులందలి తేమతోను, మంచుతోను కాలము గడుపగలదు.

కాళిదాసు ఈ బయలును ఎరిగినవాడు. నేల ఎగుడుదిగుడుగ నున్నందున పగ్గములు బిగబట్టితిననియు, ఇప్పుడు సమతలము వచ్చినదనియు సారథిచే పలికించినాడు. ఆశ్రమము వనముననే యున్నది. కాని వేట జరిగినది రథము పరుగెత్తగల నేలమీద. మెడ వెనుకకు త్రిప్పి చూచుచు, నోటి గడ్డి జారవిడుచుచు దుమికిన ఆ మృగమును కన్నులార చూడనివాడు అట్లు వర్ణింపజాలడు.

తరువాతి కవులలో పెక్కుమంది లేడికన్నులను మాత్రము గైకొని బయలును విడిచిరి. ఆ ఉపమానము అసత్యమని మేము అనము. ఆ కన్నులు నిజముగ పెద్దవి. తలకు ఇరుప్రక్కల నుండుటచే నలుదెసలను కాచుకొనగలవు. కాని ఆ కన్ను అట్లుండుటకు కారణమైన మైదానము పద్యమునుండి తొలగిపోగా, ఉపమానము వట్టి అలంకారముగ మిగిలినది. వీరేశలింగము పంతులుగారు శాకుంతలమును తెనిగించిన మన భాషలో, నేడు మన పిల్లలకు ఇఱ్ఱి యన్న మాటయే తెలియదు. కొమ్ములున్న ప్రతి మృగమును జింకయే.

ఈ పొరపాటు సాహిత్యముతో ఆగదు. లేడి అడవి మృగమని తలచువారికి పచ్చికబయలు వట్టి బీడుగ తోచును. కర్ణాటకమున రాణిబెన్నూరు వద్ద కృష్ణజింకలకై 1974లో అభయారణ్యము ఏర్పడినది. అచట విస్తారమైన భూమిలో నీలగిరి చెట్లు నాటబడినవి. ఆ దారిని పలుమారు పోయిన మాకు వరుసగ నిలిచిన చెట్లు కనబడినవి గాని, లేడి కోరు బయలు అంతగా కనబడలేదు. మరి మనవారు తరతరములుగ కాపురమున్న గంజాం జిల్లాలోనో, కృష్ణజింక పొలమున మేసిన శుభమని నమ్మి గ్రామస్థులు పైరు పోయినను దానిని తరుమరు. ఆ రైతులకు కాళిదాసు హృదయము తెలిసినదని మా అభిప్రాయము.

ఆశ్రమమృగమును చంపవలదని మునులు రాజును వారించిరి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమును ఆ మాటయే చెప్పుచున్నది. బాణము దించుటతో పాటు దాని బయలును దానికి విడువవలెను. రాబోవు ప్రదర్శనమునకైనను మన సమాజమువారు తెరమీద చెట్లు తగ్గించి, కొంత పచ్చిక వ్రాయింతురుగాక యని ప్రార్థించుచున్నాము.