అడుగు కలపని కొలత

వర్క్2 అనే ప్రోగ్రామును నడపబోయేవారికి మొదట ఎదురయ్యేది ఓ మొండి షరతు. సెకనుకు ఎన్ని రిక్వెస్టులు పంపాలో చెప్తే గానీ అది పని మొదలుపెట్టదు. "నీకు చేతనైనంత వేగంగా కొట్టు" అంటే ఒప్పుకోదు. కమాండ్‌లో మైనస్ ఆర్ అని రాసి పక్కన 500 అనో 2000 అనో అంకె వేయాల్సిందే. ఇంగ్లిషులో రాసేటప్పుడు పేరులోని అచ్చును మింగేసిన ఈ చిన్న పనిముట్టుకు మూలం విల్ గ్లోజర్ రాసిన వర్క్. దాన్ని తీసుకుని ఈ షరతు బిగించినవాడు అజుల్ సిస్టమ్స్ సాంకేతిక సారథి గిల్ టెనె. లోడ్ టెస్టింగ్‌లోకి, అంటే సర్వర్ ఎంత రద్దీని తట్టుకుంటుందో పరీక్షించే పనిలోకి, కొత్తగా వచ్చేవారికి ఆ షరతు కంటే మంచి గుమ్మం నాకు కనబడలేదు.

మామూలు లోడ్ టెస్ట్ పనిముట్టు ఎలా నడుస్తుందో చూడండి. ఒక రిక్వెస్ట్ పంపుతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది, పట్టిన సమయం రాసుకుంటుంది, అప్పుడు రెండోది పంపుతుంది. చూడ్డానికి ఇందులో తప్పేమీ లేదు. ఇప్పుడు దీన్ని రేషన్ షాపు దగ్గర నిలబెడదాం. ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతోందో తేల్చడానికి ఓ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సరుకు తీసుకున్నాక మళ్లీ తనే వచ్చి నిలబడతాడు, మళ్లీ టైము రాసుకుంటాడు. ఇంతలో డీలరు షట్టరు దించి అరగంట టీకి వెళ్లాడు. ఇన్‌స్పెక్టర్ పుస్తకంలో ఆ అరగంట ఒకే ఒక్క పద్దు. ఆ అరగంటలో సంచులు పట్టుకుని వచ్చి ఎండలో నిలబడ్డవాళ్లెవరూ ఆ పుస్తకంలో లేరు. డీలరు ఆగినప్పుడల్లా ఇన్‌స్పెక్టరూ ఆగిపోయాడు కాబట్టి, ఆలస్యం జరిగిన సమయంలోనే కొలతలు లేకుండా పోయాయి.

లెక్క వేస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సెకనుకు 50 రిక్వెస్టులు రావాల్సిన సర్వర్ ఉందనుకుందాం. మొదటి 60 సెకన్లు ఒక్కో జవాబూ 2 మిల్లీసెకన్లలో ఇచ్చింది. తర్వాత 30 సెకన్లు కొయ్యబారిపోయింది. సెకనుకు 50 మించకుండా, జవాబు కోసం ఆగి ఆగి పంపే పనిముట్టు దగ్గర 3001 కొలతలు ఉంటాయి: మూడు వేలు 2 మిల్లీసెకన్లవి, ఒకటి 30 సెకన్లది. సగటు 12 మిల్లీసెకన్లు. 99వ పర్సెంటైల్, అంటే నూటికి 99 మంది ఆలోపు బయటపడ్డ సమయం, 2 మిల్లీసెకన్లే. ఈ రిపోర్టు చూసిన మేనేజరు హాయిగా నిద్రపోతాడు. నిజానికి ఆ 30 సెకన్లలో మరో 1500 మంది రావాలి. మొదట వచ్చినవాళ్లు దాదాపు 30 సెకన్లు, చివర్లో వచ్చినవాళ్లు క్షణకాలం, సగటున 15 సెకన్లు ఎదురుచూడాలి. వాళ్లనీ కలిపితే మొత్తం సగటు 5 సెకన్లు, 99వ పర్సెంటైల్ 29 సెకన్లు. సర్వర్ ఒకటే, ఆలస్యం ఒకటే. మారింది కొలిచిన తీరు.

ఈ జబ్బుకు టెనె కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే కూడబలుక్కుని వదిలేయడం. ఎవరూ కావాలని చేసే మోసం కాదు. కొలిచేది కొలతకు గురయ్యేదానితో అడుగు కలిపింది, అంతే.

వర్క్2 చేసిన మరమ్మతు పైకి చిన్నది. రేటు ముందే తెలుసు కాబట్టి ఏ రిక్వెస్ట్ ఏ క్షణాన బయల్దేరాలో దానికి టైమ్‌టేబుల్ ఉంటుంది. గడియారం రిక్వెస్ట్ నిజంగా బయల్దేరిన క్షణం నుంచి కాదు, బయల్దేరాల్సిన క్షణం నుంచి తిరుగుతుంది. సర్వర్ ఆగిపోయి పంపడం ఆలస్యమైతే ఆ ఆలస్యమూ లెక్కలోకి వస్తుంది. షట్టరు ముందు నిలబడ్డవాళ్లందరికీ పద్దు పడుతుంది. ఇంకో ముచ్చటైన ఏర్పాటూ ఉంది: అడిగితే సవరించని పాత లెక్కనూ పక్కనే అచ్చు వేస్తుంది. రెండూ చూసి తేడా మనమే పోల్చుకోవచ్చు. తన విద్యను దాచుకోని పనివాడి లక్షణం అది.

కొలత సరే, దాన్ని ఎక్కడ పోయాలి? లక్షల కొలతల్లో కొన్ని మైక్రోసెకన్లవి, కొన్ని నిమిషాలవి. కంసాలి త్రాసు మీద ధాన్యం బస్తా తూగదు, బస్తాల కాటా మీద గురిగింజెత్తు తేలదు. టెనె చేతిదే అయిన హెచ్‌డీఆర్ హిస్టోగ్రామ్ ఆ రెండు పనులూ ఒకే త్రాసుతో చేస్తుంది. 1 మైక్రోసెకను నుంచి 1 గంట దాకా, మూడంకెల ఖచ్చితత్వంతో కొలవాలని అడిగామనుకోండి. 2047 మైక్రోసెకన్ల వరకు ప్రతి మైక్రోసెకనుకూ ఒక గడి. అక్కడి నుంచి 4095 వరకు రెండేసి మైక్రోసెకన్లకు ఒక గడి, 8191 వరకు నాలుగేసి. ఇలా పరిధి రెట్టింపైనప్పుడల్లా గడి వెడల్పూ రెట్టింపవుతుంది. గంట దగ్గరకు చేరేసరికి గడి వెడల్పు సుమారు 2 సెకన్లు. గంటలో 2 సెకన్ల తేడా అంటే వెయ్యిలో ఒక వంతు కూడా కాదు, కాబట్టి ఇచ్చిన మాట తప్పలేదు. కొలతలు ఎన్ని కోట్లు వచ్చినా మెమరీ 185 కిలోబైట్లు దాటదు. కొత్త కొలత వస్తే దాన్ని దాచిపెట్టదు, దాని గడిలో అంకెను ఒకటి పెంచుతుంది, అంతే. ఈ పనిని ఆయన పబ్లిక్ డొమైన్‌లో పెట్టాడు.

ఎంత ఆలస్యమో తేలింది. ఎక్కడ అన్నది రెండో ప్రశ్న. అక్కడ నాకు నచ్చిన పనితనం ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్‌ది. 2011లో జోయెంట్ కంపెనీలో పనిచేస్తూ ఆయన ఓ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సమస్య వెంటపడ్డాడు. ప్రాసెసర్ ఏ ఫంక్షన్‌లో ఉందో పదేపదే తొంగిచూసి రాసుకున్న చిట్టా లక్షల వరుసలకు పాకింది. దాన్ని ఒకే బొమ్మగా మార్చడానికి ఆయన రాసిన పెర్ల్ స్క్రిప్టే ఫ్లేమ్ గ్రాఫ్. పిలిచిన ఫంక్షన్ కింద, పిలిపించుకున్నది పైన. పెట్టె ఎంత వెడల్పుంటే ఆ ఫంక్షన్ అన్నిసార్లు పట్టుబడ్డట్టు. ఎడమ నుంచి కుడికి చూస్తే అది కాలక్రమం అనిపిస్తుంది, కాదు. పేర్లను అక్షరక్రమంలో పేర్చాడు, ఒకేరకం పెట్టెలు పక్కపక్కన చేరి ఒక్కటైపోయేలా. మంట రంగులకు ప్రత్యేకమైన అర్థమేమీ లేదు, పక్క పెట్టెలు విడివిడిగా కనబడటానికే.

ఆయన ఉదాహరణల్లో ఒక అంకె నన్ను కట్టిపడేస్తుంది: సెకనుకు 99 సార్లు తొంగిచూడమంటాడు. గుండ్రంగా 100 అనొచ్చుగా? ప్రోగ్రాముల్లో సెకనుకు 100 సార్లు నడిచే పనులు ఉండొచ్చు. మనమూ 100 సార్లే చూస్తే ప్రతిసారీ అదే పని కంటబడొచ్చు, లేదా ఒక్కసారీ పడకపోవచ్చు. 99 అనగానే ఆ లయ తప్పుతుంది. టెనె టైమ్‌టేబుల్, గ్రెగ్ 99 చెప్పే నీతి ఒక్కటే: కొలిచేవాడు కొలిచేదానితో అడుగు కలపకూడదు.

మొదలుపెట్టేవారు ఇలా చేయండి. లోడ్ పంపే యంత్రం, సర్వర్ ఉన్న యంత్రం వేరుగా ఉంచండి. రేటు నిర్ణయించి పంపండి. కె6 అనే మరో లోడ్ టెస్ట్ పనిముట్టులోనూ స్థిర రేటుతో పంపే ఏర్పాటు ఉంది. అయితే పంపలేక వదిలేసినవి ఎన్నో అది విడిగా చూపిస్తుంది, ఆ అంకె చూడటం మరవొద్దు. వర్క్2 మొదటి 10 సెకన్లు తనను తాను సరిచూసుకోవడానికి వాడుకుంటుంది కాబట్టి నిమిషాల తరబడి నడపండి. రేటును మెట్లు మెట్లుగా పెంచుతూ 99వ పర్సెంటైల్ ఎక్కడ ఎగబాకుతోందో గమనించండి. ఆ మెట్టు మీదే ఫ్లేమ్ గ్రాఫ్ తీయండి.

మంట ఎక్కడా వెడల్పుగా లేదు, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, అయినా జనం ఆగిపోతున్నారా? అప్పుడు ప్రోగ్రాము పని చేయడం లేదు, ఎదురుచూస్తోందని అర్థం. డేటాబేస్ కనెక్షన్లు 20, ఒక్కో రిక్వెస్ట్ ఒక కనెక్షన్‌ను 50 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది అనుకోండి. ఒక కనెక్షన్ సెకనుకు 20 మందికి సరిపోతుంది. 20 కనెక్షన్లు 400 మందికి. 401వ వాడు వచ్చాడంటే క్యూ మొదలవుతుంది, ఎంత పెద్ద సర్వర్ కొన్నా తగ్గదు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చెప్పేదీ ఇదే: లోపల ఉన్నవారి సగటు సంఖ్య అంటే వచ్చే రేటును ఉండే సగటు సమయంతో హెచ్చిస్తే వచ్చేదే.

మీ టీములో ఎవరైనా "సగటు 12 మిల్లీసెకన్లు, అంతా బాగుంది" అంటూ రిపోర్టు తెస్తే ఒక్క మాట అడగండి: సర్వర్ ఆగిన సమయంలో మీ పనిముట్టు ఏం చేస్తోంది? "అదీ ఆగింది" అని జవాబొస్తే, ఆ రిపోర్టును పక్కన పెట్టి, రేటు చెప్పి మళ్లీ నడపమనండి.