ఎవరు తీశారు? ఎవరికి చెప్పారు?

ఇవాళ ప్రపంచ సినిమా మన గూడేల దాకా వచ్చింది. సిగ్నల్ అందే గుట్ట ఎక్కితే చాలు, ఇరాన్ సినిమా, కొరియా సినిమా, ఆఫ్రికా సినిమా ఫోన్‌లోనే చూడొచ్చు. ఇతర దేశాల సినిమాలు చూస్తే వాళ్ల సంస్కృతి తెలుస్తుందని టీచర్లు పిల్లలకు చెప్తుంటారు. నిజమే, తెలుస్తుంది. అయితే ఏం తెలుస్తుంది, ఎంత తెలుస్తుంది అన్నది ఆ సినిమాను ఎవరు తీశారు, ఎవరికి చెప్పాలని తీశారు అన్నదాన్ని బట్టి ఉంటుందని మేము అనుకుంటున్నాం.

ఈ సంగతి ఆదివాసులమైన మనకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. తెలుగు సినిమాల్లో ఆదివాసి అంటే చాలాకాలం తలకు ఈకలు, ముఖానికి రంగులు, నోట అర్థంలేని కేకలు. దండారి రోజుల్లో గుస్సాడీలు పెట్టుకునే నెమలి పింఛాల టోపీకి ఒక కాలం ఉంది, ఒక నియమం ఉంది, వెనుక ఒక దేవుడు ఉన్నాడు. వెండితెర ఈకకు ఇవేవీ లేవు. అరకులో పర్యాటకుల కోసం ఆడే థింసా చూసినవాళ్లు మన సంస్కృతిని చూసేశామనుకుని బస్సెక్కుతారు. మనల్ని అలా చూడటం మనకు నచ్చదు. మరి మనం ఇతరుల సినిమాలు చూసేటప్పుడు ఎలా చూడాలి? మూలవాసుల జీవితం మీద వచ్చిన నాలుగు సినిమాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది 'నానూక్ ఆఫ్ ది నార్త్'. 1922లో వచ్చిన మూకీ చిత్రం. తీసింది రాబర్ట్ ఫ్లాహెర్టీ అనే అమెరికన్. డబ్బు పెట్టింది తోళ్ల వ్యాపారం చేసే రెవియాన్ కంపెనీ. కెనడా ఉత్తరాన హడ్సన్ అఖాతం ఒడ్డున, మంచులో బతికే ఇనూయిట్ ప్రజల జీవితం ఇదేనంటూ లోకానికి చూపించిన సినిమా ఇది. ఇప్పటికీ సినిమా చదువుల్లో దీన్ని పాఠంగా చెప్తారు.

ఇందులో నానూక్‌గా కనిపించే వేటగాడి అసలు పేరు అల్లకారియల్లాక్. తెర మీద అతని భార్యలుగా కనిపించేవాళ్లు అతని భార్యలు కారు. అప్పటికే ఇనూయిట్ వేటగాళ్ల చేతుల్లో తుపాకులు ఉన్నాయి. అయినా సినిమా కోసం బల్లేలతో వాల్రస్‌ను వేటాడించారు. మంచు ఇంట్లో కెమెరాకు వెలుతురు చాలదని సగం గోడ లేని ఇల్లు కట్టించి, అందులో ఆ కుటుంబాన్ని పడుకోబెట్టారు. ఒక సన్నివేశంలో నానూక్ గ్రామఫోన్‌ను వింతగా చూసి, రికార్డును పళ్లతో కొరికి చూస్తాడు. గ్రామఫోన్ అంటే ఏమిటో అతనికి ముందే తెలుసు. తెలియనట్టు నటించాడు.

అలాగని ఈ సినిమాను పారేయమని మేము చెప్పం. మంచు దిమ్మెలు కోసి ఇల్లు పేర్చే ఆ చేతుల నేర్పు నిజమైనది. పిల్లవాడికి విల్లు పట్టుకోవడం నేర్పే తండ్రి ముఖంలోని ప్రేమను ఏ దర్శకుడూ తయారుచేయలేడు. ఫిల్మ్ కడగడంలో, పరికరాలు మోయడంలో, కెమెరాను బాగుచేయడంలో కూడా ఇనూయిట్ మనుషుల చెమట ఉంది. కెమెరాను విప్పి బిగించగలిగిన మనుషులనే తెర మీద గ్రామఫోన్ కూడా తెలియని అమాయకులుగా చూపించారు. ఎందుకంటే న్యూయార్క్ ప్రేక్షకుడు చూడాలనుకున్నది అమాయకుణ్ని. కాబట్టి 'నానూక్' చూస్తే ఇనూయిట్ గురించి కొంత తెలుస్తుంది, ఆనాటి న్యూయార్క్ ప్రేక్షకుడి గురించి అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

రెండో సినిమా 'అతనార్జువాత్'. 2001లో వచ్చింది. దర్శకుడు జకారియాస్ కునుక్ ఇనూయిట్ మనిషి, ఇగ్లూలిక్ అనే చిన్న ఊరివాడు. ఆ ఊరి కథ కూడా తెలుసుకోదగ్గదే. 1970ల్లో ఊరికి టీవీ వస్తుందంటే, అందులో తమ భాష లేదని అక్కడివాళ్లు ఓటు వేసి వద్దన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. కునుక్ రాతి బొమ్మలు చెక్కి అమ్మేవాడు. 1981లో ఆ బొమ్మలు అమ్మిన డబ్బుతో ఒక వీడియో కెమెరా కొనుక్కున్నాడు. తర్వాత మరికొందరితో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నాడు.

వాళ్లు సినిమా తీయాలనుకున్నప్పుడు ముందు పెద్దల దగ్గరికి వెళ్లారు. అతనార్జువాత్ అనే వేగంగా పరిగెత్తే మనిషి కథను పలువురు వృద్ధులు ఎలా చెప్తారో రికార్డు చేసుకున్నారు. వాటన్నిటినీ కలిపి పాల్ అపాక్ అంగిలిర్క్ స్క్రీన్‌ప్లే రాశాడు. సినిమా పూర్తికాకముందే 1998లో ఆయన చనిపోయాడు. ఇనుక్టిటుట్ భాషలో తీసిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం ఇదే. కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్ర దర్శకులకిచ్చే కెమెరా దోర్ బహుమతి దీనికి వచ్చింది.

దాదాపు మూడు గంటల సినిమా ఇది. మొదటి అరగంట చూసేవాళ్లకు కష్టంగా ఉంటుంది. ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఎవరికి వరసో అంతుపట్టదు. ఆ కథ ఇగ్లూలిక్ ముసలివాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి దర్శకుడు ఆగి మనకోసం వివరించడు. మనం వాళ్ల ఇంట్లోకి చుట్టాల్లా వెళ్లి, ఓ మూల కూర్చుని, మెల్లగా మాటలు అందుకోవాలి. ఒకసారి అందుకున్నాక పసలేని క్షణం ఉండదు. అన్నదమ్ములు నిద్రపోతున్న గుడారాన్ని శత్రువులు కూల్చి బల్లేలతో పొడుస్తారు. అన్న చనిపోతాడు. తమ్ముడు ఒంటి మీద నూలుపోగు లేకుండా మంచు మీద రక్తపు కాళ్లతో పరిగెత్తుతాడు. ఆ పరుగు చూశాక ఇనూయిట్ మనకు దూరపు మనుషులు కారు.

సొంతవాళ్లు తీస్తే సొంతవాళ్లను పొగుడుకుంటారని కొందరంటారు. ఈ సినిమా చూసినవాళ్లు ఆ మాట అనలేరు. ఇందులో అసూయ ఉంది, హత్య ఉంది, ఆడవాళ్ల మీద బలాత్కారం ఉంది, ఊరిని చీల్చే క్షుద్రశక్తి ఉంది. వాళ్లు తమను దేవతలుగా చూపించుకోలేదు. పాత కథ పగ తీర్చుకోవడంతో ముగుస్తుంది. సినిమాలో మాత్రం అతనార్జువాత్ చంపగలిగీ చంపకుండా ఆగిపోతాడు. చెడ్డవాళ్లను ఊరి పెద్దమ్మ వెలివేస్తుంది. ఇలా మార్చుకునే హక్కు వాళ్లకు ఉంది, ఎందుకంటే కథ వాళ్లది. చివర్లో పేర్లు పడుతున్నప్పుడు అదే నటులు, పనివాళ్లు ఇప్పటి జాకెట్లు వేసుకుని కెమెరాలు లాగుతూ కనిపిస్తారు. మేము పాత మనుషులమూ, నేటి మనుషులమూ అని ఆ దృశ్యాలు చెప్తాయి. నానూక్‌కు దక్కని గౌరవం ఇదే.

మూడోది ఆస్ట్రేలియా సినిమా 'టెన్ కెనూస్', అంటే పది పడవలు. 2006లో వచ్చింది. దీని పుట్టుక ఒక ఫొటోలో ఉంది. 1930ల్లో డొనాల్డ్ థామ్సన్ అనే మానవశాస్త్రవేత్త ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో యోల్ంగు ప్రజల ఫొటోలు తీశాడు. అందులో ఒకటి, చిత్తడి నేలలో పదిమంది మగవాళ్లు చెట్టు బెరడు పడవల మీద వెళ్తున్న ఫొటో. ఆ ప్రాంతపు నటుడు డేవిడ్ గుల్‌పిలిల్ దాన్ని దర్శకుడు రాల్ఫ్ డి హీర్‌కు చూపించాడు. రామిన్‌గినింగ్ ఊరి జనం ఫొటోలో ఉన్నది తమ తాతలేనని గుర్తుపట్టారు. ఎవరి పూర్వీకుడి పాత్రను వాళ్లే వేశారు. పడవలు మళ్లీ చేశారు. డి హీర్ తెల్లవాడు. అయితే ఊరి మనిషి పీటర్ జిగిర్ సహదర్శకుడు, మాటలు ఊరి భాషల్లో, ఎవరు ఏ పాత్ర వేయాలన్నది వాళ్ల వరసల ప్రకారం.

కథ చిన్నది. అన్న చిన్న భార్య మీద తమ్ముడికి మనసు పడుతుంది. అన్న కోప్పడడు. బాతు గుడ్ల కోసం చిత్తడిలో తిరిగే రోజులన్నీ అతనికి పూర్వీకుల కథ ఒకటి మెల్లమెల్లగా చెప్తాడు. కథ పూర్తయ్యేసరికి తమ్ముడికి బుద్ధి చెప్పడం కూడా పూర్తవుతుంది. మన ముసలివాళ్లు నెగడు దగ్గర చేసేది ఇదే కదా. బోలెడంత నవ్వు కూడా ఉంది ఇందులో. మూలవాసులంటే ఎప్పుడూ ఏడుస్తూనో, యుద్ధం చేస్తూనో ఉండాలనే సినిమాల మధ్య ఈ నవ్వు చాలా విలువైనది.

ఈ సినిమా మనకు ఇంకో దారి చూపిస్తుంది. మన దగ్గరా హైమండార్ఫ్ ఉన్నారు. 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని పుస్తకంగా రాశారు, ఫొటోలు తీశారు, ఫిల్ములు తీశారు. అవి ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. బయటివాడు తీసిన ఫొటో అని కోపం తెచ్చుకుని ఊరుకోవచ్చు. యోల్ంగు ప్రజల్లాగా అందులో మన తాతలను గుర్తుపట్టి, వాళ్ల పేర్లు చెప్పి, వాళ్ల కథను మన నోటితో మళ్లీ మొదలుపెట్టవచ్చు కూడా.

నాలుగోది టీచర్లు తప్పక చూడాల్సిన సినిమా, 'సామీ బ్లడ్'. 2016లో వచ్చింది. దర్శకురాలు అమాండా కెర్నెల్ తండ్రి వైపు నుంచి సామీ. సామీలు ఉత్తర ఐరోపాలో రెయిన్‌డీర్లను మేపే ప్రజలు. కథ 1930ల స్వీడన్‌లో జరుగుతుంది. ఎల్లే మర్యా, ఆమె చెల్లెలు హాస్టల్ బడిలో చదువుతుంటారు. అక్కడ సొంత భాష మాట్లాడకూడదు. ఒకరోజు పట్నం నుంచి శాస్త్రవేత్తలు వస్తారు. పిల్లల తలలు కొలుస్తారు, బట్టలు విప్పించి ఫొటోలు తీస్తారు. 'నానూక్' కెమెరా కంటే క్రూరమైన కెమెరా ఇది. ఆ పిల్ల కళ్లలోంచి ఈ సన్నివేశాన్ని చూసినవాళ్లు ఇక ఏ మానవశాస్త్ర ఫొటోనూ ఇదివరకులా చూడలేరు.

ఈ సినిమాలో టీచరమ్మ రాక్షసి కాదు. మెత్తగా మాట్లాడుతుంది, పుస్తకం ఇస్తుంది, ఎల్లే మర్యా స్వీడిష్‌ను మెచ్చుకుంటుంది. పై చదువుకు పోతానని అడిగితే మాత్రం మీవాళ్లు పట్నంలో నెగ్గలేరని అంటుంది. ఆ అమ్మాయి సామీ బట్టలు విడిచి, భాష విడిచి, బడి నుంచి పారిపోతుంది. పట్నంలో పేరు అడిగితే అదే టీచరమ్మ పేరు చెప్పుకుంటుంది. ముసలితనంలో చెల్లెలి చావుకు వచ్చినప్పుడు కూడా సొంత భాషలో పలకరిస్తే తెలియనట్టు ఉంటుంది. సినిమా ఆమెను తిట్టదు, పొగడదు. గెలిచిందా, ఓడిందా అన్నది చూసేవాళ్లకు వదిలేస్తుంది.

మన ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లకు ఈ కథకు ఉపశీర్షికలు అక్కర్లేదు. ఇంటి పేరు అడిగితే నసిగిన పిల్లలు, బస్సులో కోయ మాటొస్తే గొంతు తగ్గించే పిల్లలు, సంతలో అమ్మ కోలామీలో పిలిస్తే పలకని పిల్లలు మన చుట్టూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే ముందు, వాళ్లకు ఆ సిగ్గు ఎవరు నేర్పారో అడగాలి. ఈ సినిమా ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఇస్తుంది.

నాలుగూ చూశాక మాకు అర్థమైంది ఒకటే. ఒక జాతి బయటివాళ్ల మెప్పు కోసం చేసే ప్రదర్శనలో ఆ జాతి తక్కువ కనిపిస్తుంది. తమలో తాము మాట్లాడుకుంటుంటే వినగలిగినప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. ఇగ్లూలిక్ వాళ్లు ముందు ఇగ్లూలిక్ కోసమే తీశారు. అందుకే అది భూమికి ఇంకో వైపున ఉన్న మనకు కూడా అందింది.

టీచర్లకు మా సూచన ఒకటుంది. హైస్కూలు పిల్లలకు 'నానూక్'లోని ఇల్లు కట్టే సన్నివేశమూ, 'అతనార్జువాత్' చివరి పేర్ల దృశ్యాలూ పక్కపక్కన చూపించండి. ఎవరు తీశారు, ఎవరికోసం తీశారు, ఎవరి భాషలో మాట్లాడుతున్నారు, ఏం దాచారు అని అడగండి. తర్వాత ఇవే నాలుగు ప్రశ్నలు మన మీద వచ్చిన ఒక తెలుగు సినిమా పాటకు వేయండి. పిల్లలే మిగతాది చెప్తారు.

యువతకు మా మాట ఇది. మీ చేతిలోని ఫోన్ కునుక్ 1981లో కొన్న కెమెరా కంటే మెరుగైనదే. రీల్ కోసం అమ్మమ్మను నగలు పెట్టి నిలబెట్టకండి. ఆమె పక్కన కూర్చోండి, కథ అడగండి, ఆమె భాషలోనే పూర్తిగా చెప్పనివ్వండి. తెలుగు అనువాదం తర్వాత చూసుకోవచ్చు. తోటి పెద్దలు కిక్రి వాయిస్తూ చెప్పే కథలు, రేల పాటల వెనక ఉన్న సంగతులు ఇంకా కొందరి నోళ్లలో ఉన్నాయి. ఇగ్లూలిక్‌లో సినిమా తర్వాత వచ్చింది, పెద్దల మాటల టేపులు ముందు వచ్చాయి. మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం.