పది అడుగుల కాపురం

లాకు అంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: కాలువ నీటిమట్టం మారేచోట పడవను ఎక్కించే, దించే తలుపుల తొట్టి అది. ఇంగ్లండులో కాలువ పడవ ఆకారాన్ని నిర్ణయించింది ఆ లాకే. ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ సుమారు ఏడడుగుల వెడల్పు లాకులు ఖాయం చేశాడు. 1777లో ఆ కాలువ పూర్తయింది. మధ్య ఇంగ్లండులో చాలా కాలువలు అదే కొలత పట్టుకున్నాయి. ఆ సందులో దూరడానికి పుట్టిందే నారో బోట్. వెడల్పు ఏడడుగుల లోపు, పొడవు డెబ్బై అడుగుల పైచిలుకు. అందులో చాలా భాగం సరుకుకే పోయేది. వెనక, చుక్కాని ముందు, మహా అయితే పదడుగుల గది మిగిలేది.

మొదట్లో చాలామంది పడవవాళ్లకు ఒడ్డున ఇళ్లుండేవి. రైళ్లు వచ్చి కిరాయిలు పడిపోయాక, జీతగాణ్ణి పెట్టుకునే స్తోమత లేక భార్యాపిల్లలను పడవెక్కించుకున్నారు. ఇల్లాలు కూడా చుక్కాని పట్టేది, లాకు తలుపులు నెట్టేది. వంట, పడక, పురుడు అన్నీ ఆ గదిలోనే.

ఈ గది గురించి రాసేవాళ్లు ఎక్కువగా తలుపుల మీది గులాబీలు, కోటల బొమ్మల దగ్గర ఆగిపోతారు. అవి అందమైనవే. నన్ను మాత్రం కట్టిపడేసింది లోపలి వడ్రంగం. అక్కడ ఒక్క చెక్కకైనా ఒక్కటే పని అప్పగించలేదు.

వెనక తలుపు తీసి దిగగానే కాలు పడే మెట్టు నిజానికి బొగ్గుపెట్టె. ఎడమవైపు ఇనప పొయ్యి. వంటా దాని మీదే, వెచ్చదనమూ దాని నుంచే. చుక్కాని పట్టుకున్న మనిషి గుమ్మంలోనే నిలబడతాడు కాబట్టి ఆ వేడి కాళ్లకు తగులుతుంది. తలుపు పక్కన చేతికందే చిన్న గూడు పేరు సోప్ హోల్. సబ్బు, ఇత్తడి తోమే గుడ్డ అందులో ఉంటాయి. సరుకు కాగితాలకు ఒక సొరుగు. పొయ్యి పక్కన నిలువు బీరువా. దాని తలుపుకు బందులు పక్కన కాదు, కింద ఉంటాయి. కిందికి దించితే అదే భోజనాల బల్ల. లోపలి అరల్లో తిండి సామాను. తిన్నాక పైకెత్తి మూస్తే బల్ల అడుగుభాగం గదివైపు తిరుగుతుంది, దాని మీద కోట బొమ్మ కనిపిస్తుంది. రోజూ తుడిచే పైభాగాన్ని వదిలి, చేయి పడని అడుగుభాగాన బొమ్మ వేయడంలో ఉన్న తెలివి నాకు ఆ బొమ్మకన్నా ముచ్చటేసింది.

ఎదురుగా పక్కబల్ల. పగలు కూర్చునేందుకు, రాత్రి పిల్లలకు పడక, కింద సామాను అర. మన పాత ఇళ్లలో భోషాణం మీద పక్క వేసుకుని పడుకున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక పెద్దల మంచం. దానికి చోటే లేదు, నడిచే దారి తప్ప. అందుకని ఆ దారినే రాత్రికి మంచం చేశారు. గది ముందు చివర గోడ బీరువా నుంచి ఒక పలక దిగుతుంది. అవతలి అంచు పక్కబల్ల వైపు ఆనుతుంది. మంచం పడవకు అడ్డంగా అమరుతుంది. బీరువాలోంచే పరుపు, దుప్పట్లు బయటికొస్తాయి. ముందు అల్లిక లేసు తెర. తెల్లవారాక అన్నీ మళ్లీ లోపలికి వెళితేనే దారి తెరుచుకుంటుంది. పక్క ఎత్తకుండా బద్ధకిస్తే ఆ ఇంట్లో కాలు కదపడానికి వీల్లేదు. చోటు పెంచుకోలేనివాళ్లు వేళను పంచుకున్నారు.

గోడలకు రంగు వేయడంలోనూ ఇదే ముందుచూపు. లేత రంగు పూత మీద ముదురు పూత పూసి, అది తడిగా ఉండగానే దువ్వెనతో లాగి ఓక్ చెక్క చారలు తెప్పిస్తారు. చవక చెక్క ఖరీదుగా కనిపిస్తుంది. బొగ్గు పొగ మరక పడినా ఆ చారల్లో కలిసిపోతుంది. పొయ్యి పైన ఇత్తడి కడ్డీ మెరుపుకే అనుకుంటాం గాని, తడిబట్ట ఆరేది దాని మీదే. మంచినీళ్లు పూలబొమ్మల డబ్బాలో పైకప్పు మీద.

ఇంత చెప్పి, అక్కడ హాయిగా బతికారంటే అబద్ధమవుతుంది. కోల్‌విల్‌కు చెందిన సంఘ సంస్కర్త జార్జ్ స్మిత్ ఆ గదుల్లోని ఇరుకు గురించి, పిల్లల చదువు గురించి ఏళ్ల తరబడి పోరాడాకే 1877లో కాలువ పడవల చట్టం వచ్చింది. దాని కింది నిబంధనల ప్రకారం పన్నెండేళ్లు దాటిన మనిషికి 60 ఘనపుటడుగుల చోటు ఉండాల్సి వచ్చేది, చిన్నపిల్లకు 40 సరిపోయేవి. అరవై అంటే నాలుగడుగుల పెట్టెకన్నా కాస్త తక్కువే! ఆ కొలతలో కూడా ఇంటిని ఇల్లుగా నిలిపినవాళ్ల మీద నాకున్న గౌరవం ఆ కష్టం తెలిశాక ఇంకా పెరిగింది.

సరుకు పడవల కాలం 1970 నాటికి దాదాపు ముగిసింది. అంతకుముందే రచయిత ఎల్.టి.సి. రోల్ట్ 1939లో క్రెస్సీ అనే పాత పడవను బాన్‌బరీలో నివాసానికి మార్చుకున్నాడు. స్నానపు తొట్టి కూడా పెట్టుకున్నాడు. 1944లో వచ్చిన అతని పుస్తకం ‘నారో బోట్’ చదివి చాలామంది కాలువల వైపు చూశారు. ఇవాళ ఆ కాలువల మీద కాపురాలున్న ఉక్కు పడవలు అనేకం. వాటిలో సొంతంగా రంపం పట్టేవాళ్లకు పాత గది ఇప్పటికీ పాఠం చెబుతూనే ఉంది.

కాకపోతే ఉక్కు తెచ్చిన చిక్కులు వేరు. నీటిమట్టానికి కింద గోడ కాలువ నీళ్లంత చల్లగా ఉంటుంది. మన ఊపిరిలోని తేమ వెళ్లి దానికి పడుతుంది. అందుకే పరుపును నేరుగా పలక మీద వేయకూడదు. చెక్కబద్దలు ఎడంగా కొట్టి, వాటి మీద వేస్తే అడుగున గాలి ఆడుతుంది. మంచం కింది అరకు ముందు పలకలో రంధ్రాలు తొలిచి, సామాను పడవ గోడకు తగలకుండా వెనక బద్ద కొడితే బట్టలకు బూజు పట్టదు. గాలి రంధ్రాలు చలి తెస్తున్నాయని గుడ్డలు కుక్కేవాళ్లున్నారు. లోపల పొయ్యి మండే గదిలో అది ప్రాణాంతకం. బొగ్గు పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వంట గ్యాస్ గాలికన్నా బరువు, కారితే పడవ అడుగున చేరుతుంది. కాబట్టి సిలిండరు అరకు అడుగున బయటికి దారి ఉండాలి.

బరువు లెక్క కూడా మరవకూడదు. పుస్తకాల అలమర ఒకవైపే పెడితే పడవ ఆ పక్కకు ఒరుగుతుంది, గిన్నెలో నీళ్లు చూస్తే తెలిసిపోతుంది. బరువైనవి కిందికి, రెండు పక్కలా సర్దాలి. చాలా పడవల్లో మంచినీళ్ల ట్యాంకు ముందుంటుంది. అది నిండినప్పుడు ముక్కు దిగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ లేస్తుంది. తలుపులకు గట్టి గడియలు కావాలి. లాకు గోడకు పడవ తగిలినప్పుడు ముందు ఊడిపడేది పళ్లేల అరే.

కొత్తగా పడవ కొన్నవాళ్లు నన్నడిగితే ఒక్కటే చెబుతాను. చెక్క కొనేముందు అట్టపెట్టెలు కోసి బల్ల, మంచం అదే కొలతల్లో అమర్చుకుని వారం రోజులు అందులో బతకండి. మోకాలు ఎక్కడ తగులుతోందో, కెటిల్ అందుకోవాలంటే ఎవరు లేవాల్సి వస్తోందో, రాత్రి బయటికి వెళ్లేందుకు ఎవరిని దాటాలో అట్టే చెబుతుంది. ఆ తర్వాత మొదటి బందు బిగించండి.